సిగ్నల్ పోయాక డ్రోన్ ఎవరి మాట వింటుంది?

గౌరవనీయులు కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నేను వత్రాప్‌లో ఒక కొబ్బరి రైతును.

మా ఊరు తమిళనాడు విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల అడుగున ఉంది. ఆముక్తమాల్యద కథ నడిచిన శ్రీవిల్లిపుత్తూరు మాకు పక్క ఊరే. అటు రాజపాళయం, ఇటు కోవిల్‌పట్టి దాకా చాలా పల్లెల్లో తెలుగు మాట్లాడే ఇళ్ళున్నాయి. బడిలో చదివింది తమిళమైనా ఇంట్లో మాట తెలుగే కాబట్టి మీకు తెలుగులోనే రాస్తున్నాను. మీకే రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఉద్దానం కొబ్బరి మీ శ్రీకాకుళం నియోజకవర్గంలోది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ తోటల్ని ఎలా పడగొట్టిందో మీకు తెలుసు. ముదురు కొబ్బరిచెట్టు ఎంత ఎత్తుంటుందో, గాలికి దాని మొవ్వు ఎంత దూరం ఊగుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఈ లేఖలో చాలా భాగం ఆ ఎత్తు గురించీ ఆ గాలి గురించే.

పొలాల మీదికి డ్రోన్లు రావద్దని నేను అనడం లేదు, రావాలనే కోరుకుంటున్నాను. మా తోపుల్లో చెట్టెక్కే మనుషులు దొరకడం కష్టమైపోయింది. 2016లో పొల్లాచ్చి తోటల్లో కనబడిన సర్పిలాకార తెల్లదోమ తర్వాత గోదావరి జిల్లాల కొబ్బరిని కూడా వదల్లేదు. అంత ఎత్తున ఉన్న ఆకులకు కింద నిలబడి పిచికారీ చేస్తే మందులో సగం కొట్టేవాడి ముఖం మీదే పడుతుంది. వరి మళ్ళలో వీపున ట్యాంకు మోస్తూ, బురదలో కాళ్ళీడుస్తూ, తాను కొట్టే మందు తానే పీల్చే కూలీని చూసినవాడెవడూ డ్రోన్‌ను కాదనలేడు. పది లీటర్ల ట్యాంకున్న డ్రోన్ ఎకరం మడిని పది నిమిషాల్లోపే తడుపుతుంది. 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమో డ్రోన్ దీదీ పథకం 1,261 కోట్ల రూపాయలతో 15,000 మహిళా సంఘాలకు ఈ డ్రోన్లు ఇస్తామంది. ధరలో 80 శాతం దాకా, 8 లక్షలకు మించకుండా సాయం చేస్తామంది. పొలం పనిలో అన్నిటికంటే బరువైన చాకిరీ మోసే ఆడవాళ్ళ చేతికి రిమోట్ ఇవ్వడం మంచి ఆలోచన. ఆ రిమోట్ పనిచేయని నిమిషంలో ఏం జరుగుతుందన్నదే నా ప్రశ్న.

పిచికారీ డ్రోన్ మందు నింపుకుంటే దాదాపు 25 కిలోలు తూగుతుంది. అది 20 మీటర్ల ఎత్తు నుంచి రాలితే, నేల తాకేసరికి దాని వేగం గంటకు 70 కిలోమీటర్లు. రెక్కలు తిరుగుతూనే ఉంటాయి. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, ట్యాంకులో పురుగుమందు ఉంటుంది. దాని కింద మడిలో కలుపు తీసేవాళ్ళుంటారు, గట్టు మీద పిల్లలుంటారు, పక్కనే ఊరుంటుంది.

రిమోట్‌కూ డ్రోన్‌కూ మధ్య సిగ్నల్ తెగిపోయినా, బ్యాటరీ పడిపోయినా, జీపీఎస్ తప్పినా డ్రోన్ తనంతట తాను ఏం చేయాలో ముందే దాని మెదడులో రాసి పెడతారు. దాన్నే ఫెయిల్‌సేఫ్ అంటున్నారు. సిగ్నల్ పోతే బయల్దేరిన చోటికి తిరిగి రావాలి. బ్యాటరీ మరీ తగ్గితే ఉన్నచోటే దిగాలి. గీసిన హద్దు దాటబోతే ఆగిపోవాలి. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ నిర్ణయం తీసుకున్న మనిషి ఎక్కడో చల్లని గదిలో కూర్చుని, ఎప్పుడో, మా పొలం చూడకుండా తీసుకున్నాడు. ఆపద వచ్చిన క్షణంలో పైలట్ మాట చెల్లదు, ఎప్పుడో రాసిపెట్టిన ఆ మాటే చెల్లుతుంది. అందువల్ల ఆ మాట ఏమిటో, అది మా నేలకు సరిపోతుందో లేదో చూడటం పౌర విమానయాన శాఖ పని అని నేను నమ్ముతున్నాను.

ఒక్క అంకె తీసుకుని చెబుతాను. ప్రపంచమంతటా డ్రోన్లలో వాడే ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఆర్డుపైలట్ ఒకటి. ఎవరూ మార్చకపోతే అందులో తిరిగి వచ్చే ఎత్తు 15 మీటర్లు. సిగ్నల్ పోగానే డ్రోన్ 15 మీటర్లకు లేచి, బయల్దేరిన చోటికి తిన్నగా గీత గీసినట్టు వస్తుంది. ఆ చోటికి బాగా దగ్గరలో ఉంటే అంత ఎత్తు కూడా లేవదు. మా నాటు కొబ్బరి 20 మీటర్లు దాటుతుంది. వత్రాప్‌లో వరి మడికీ కొబ్బరి తోపుకూ మధ్య ఒక గట్టే అడ్డం. డ్రోన్ వరి మీద రెండు మూడు మీటర్ల ఎత్తున ఎగురుతూ తోపు చాటుకు వెళ్తుంది. సిగ్నల్ తెగేది కూడా సరిగ్గా ఆ చాటునే. అప్పుడు అది బుద్ధిగా 15 మీటర్లకు లేచి, తోపు నడుమ నుంచి, మట్టల ఎత్తులో తిరుగు ప్రయాణం కడుతుంది. చెట్టును తాకిందంటే రెక్క విరుగుతుంది. నాలుగు రెక్కల డ్రోన్ అయితే ఒక్క రెక్క పోతే చాలు, ఇక నిలవదు. ఆరు రెక్కలదైతే ఒకటి పోయినా ఎలాగో నిలదొక్కుకుని దిగే అవకాశం ఉంది.

ఎత్తు పెంచేస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. పీఎక్స్4 అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తిరిగొచ్చే ఎత్తు 60 మీటర్లుగా ముందే ఉంటుంది. అది కొబ్బరి మొవ్వుల్ని దాటేస్తుంది. కానీ సగం ట్యాంకు మందుతో, అరిగిన బ్యాటరీతో అంత ఎత్తు ఎక్కాలంటే మిగిలిన శక్తిలో పెద్ద భాగం ఎక్కడానికే పోతుంది. పైకి వెళ్ళేకొద్దీ కనుమల గాలి ఎదురవుతుంది. మా దగ్గర సరైన అంకె తోపు ఎత్తును బట్టి, గాలిని బట్టి, బయల్దేరే చోటును బట్టి పొలం పొలానికీ మారుతుంది. కొలిచి పెట్టాల్సిన అంకె అది. దాన్ని ఫ్యాక్టరీలో ఒకసారి కుదిర్చి దేశమంతటికీ అమ్మితే ఎక్కడా సరిపోదు.

మా పక్క మడికి మందు కొట్టడానికి వచ్చిన ఒక కుర్రాడిని అడిగాను. "తమ్ముడూ, సిగ్నల్ పోతే ఇది ఎంత ఎత్తుకు లేస్తుంది?" అన్నాను. "అదంతా కంపెనీలోనే సెట్ చేసి ఇస్తారు మామా, మేం ముట్టుకోం" అన్నాడు. పనిలో జాగ్రత్త గల పిల్లవాడు. బ్యాటరీ చూసుకున్నాడు, రెక్కలు చూసుకున్నాడు, జనాన్ని దూరం జరిపాడు. నేర్పినవన్నీ తప్పకుండా చేశాడు, ఆ ఒక్క అంకె సంగతి అతనికెవరూ చెప్పలేదు. తప్పు నేను అతని మీద పెట్టను.

గాలి సంగతి కూడా మీరు వినాలి. ఆడి మాసం గాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని మా వైపు సామెత. నైరుతి రుతుపవనాల్లో శెంకోట్టై కనుమలోంచి వచ్చే గాలి దక్షిణ జిల్లాలన్నిటినీ ఊపేస్తుంది. అందుకే కోవిల్‌పట్టి పక్కన కయత్తారులో అన్ని గాలిమరలు వెలిశాయి. జాతీయ పవన విద్యుత్ సంస్థ తన పరీక్షా కేంద్రాన్ని అక్కడే పెట్టుకుంది. గాలిమరలకు అనువైన నేల డ్రోన్‌కు అంత అనువుగా ఉంటుందా? పోయేటప్పుడు వీపున గాలి తగిలి హాయిగా పోయిన డ్రోన్‌కు, తిరిగొచ్చేటప్పుడు అదే గాలి ఎదురై బ్యాటరీ తాగేస్తుంది. మీటర్ల దూరం మాత్రమే లెక్కగట్టి "ఇంకా ఇంటికి చేరేంత శక్తి ఉంది" అనుకునే ఫెయిల్‌సేఫ్ మా ఊళ్ళో దారి మధ్యలో కూలబడుతుంది. పడమటి గాలి రోజుల్లో పొలానికి తూర్పు గట్టున నిలబడి డ్రోన్ లేపితే, తిరిగొచ్చేటప్పుడు గాలి తోడొస్తుంది. పొలం తెలిసిన ఏ రైతు అయినా ఈ మాట చెప్పగలడు. అది శిక్షణ పుస్తకంలో కూడా ఉండాలి.

జీపీఎస్ తప్పితే ఇంటికి తిరిగిరావడం అసలు కుదరదు, ఇల్లు ఎక్కడుందో డ్రోన్‌కే తెలియదు గనక. అప్పుడు కొన్ని డ్రోన్లు ఎత్తు మాత్రం నిలుపుకుని గాలివాటున కొట్టుకుపోతాయి, కొన్ని ఉన్నచోటే దిగుతాయి. మా పొలాల్లో ఉన్నచోటే దిగడమంటే ఏమిటో చూడండి. కింద వరి నీళ్ళుండొచ్చు, మనిషి ఉండొచ్చు, తమిళనాడు పల్లెల్లో ఎక్కడ చూసినా ఉండే విశాలమైన దిగుడు బావి ఉండొచ్చు. పురుగుమందు ట్యాంకుతో డ్రోన్ తాగునీటి బావిలో పడితే ఆ నష్టాన్ని ఎవరి ఖాతాలో రాస్తారు?

ఇక్కడ మా నేలకు మరో ప్రత్యేకత ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖ దేశం దక్షిణ కొసకు దగ్గరగా పోతుంది. కేరళలోని తుంబాను రాకెట్ కేంద్రంగా ఎంచుకున్నది దానికోసమే. మాకు దక్షిణాన తిరునెల్వేలి దగ్గర భారతీయ భూ అయస్కాంత సంస్థ పరిశోధనశాల ఉన్నదీ ఆ రేఖ వల్లనే. ఆ రేఖకు ఇరువైపులా సూర్యాస్తమయం తర్వాత అయనోస్ఫియర్ పొరలో అలజడి రేగుతుంది, దాంతో ఉపగ్రహాల సంకేతాలు అల్లాడతాయి. సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉన్న ఏళ్ళలో, మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ ఇది ఎక్కువ. విమానాల కోసం మన విమానాశ్రయ ప్రాధికార సంస్థ, ఇస్రో కలిసి గగన్ అనే ఉపగ్రహ దిశానిర్దేశ వ్యవస్థను రూపొందించినప్పుడు దాటాల్సి వచ్చిన పెద్ద అడ్డంకుల్లో ఇదొకటి. విమానం విషయంలో అంత జాగ్రత్త పడ్డాం. ఎండ తగ్గాక సాయంత్రం పూట పొలం మీద లేచే డ్రోన్‌కు, పొద్దు గుంకాకే మొదలయ్యే డ్రోన్ ప్రదర్శనలకు ఆ జాగ్రత్త ఎందుకు అక్కర్లేదు?

పంపు గురించి ఎవరూ మాట్లాడటం లేదు గనక అదీ చెప్పాలి. సిగ్నల్ పోయి డ్రోన్ తిరుగు దారి పట్టిందంటే, ఆ క్షణమే పిచికారీ ఆగిపోవాలి. మూతి మూసుకోకుండా 15 మీటర్ల ఎత్తున ఊరి మీదుగా వస్తే, మడిలో పడాల్సిన మందు గాలికి కొట్టుకుపోయి ఇళ్ళ మీద, పశువుల తొట్లలో పడుతుంది. డ్రోన్ పడిపోకుండా క్షేమంగా వచ్చిందని పైలట్ ఊపిరి పీల్చుకుంటాడు. దారి పొడవునా ఏం చల్లుకుంటూ వచ్చిందో ఎవరూ రాసుకోరు. ఇంజనీరుకు ఇది చిన్న తీగ కలిపే పని, కాబట్టి నియమంగా రాయడానికి మీకు అడ్డేమీ లేదు.

ఇక మా జిల్లాకే చెందిన పెద్ద భయం. శివకాశి, సాత్తూరు, వెంబకోట్టై చుట్టుపక్కల దేశంలో వాడే బాణసంచాలో చాలా భాగం తయారవుతుంది. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలకు పేరు. మందు దట్టించిన టపాకాయల్ని, రసాయనం పూసిన సరుకును ఎండలో పరిచి ఆరబెడతారు. రాపిడికే అంటుకునే సరుకది. ఏటా ఏదో ఒక షెడ్డు పేలుతుంది, కూలి కోసం వెళ్ళిన ఆడవాళ్ళు తిరిగి రారు. అలాంటి ఆరుబయలు మీదికి పక్క పొలంలోంచి దారి తప్పిన డ్రోన్, లిథియం బ్యాటరీతో సహా పడితే ఏం జరుగుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

దీనికి మందు కష్టమైనదేం కాదు. పేలుడు పదార్థాలతో పనిచేసే ప్రతి కర్మాగారానికీ లైసెన్సు ఉండాలి. పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ దగ్గరో, జిల్లా యంత్రాంగం దగ్గరో ఆ చిరునామా ఉంటుంది. ఆ చిరునామాలను, డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే మీ డిజిటల్ స్కై మ్యాపు మీద పెట్టండి. ఇప్పుడున్న నియమాల్లో రాష్ట్ర ప్రభుత్వం తాత్కాలికంగా ఒక చోటును, అనుమతి లేకుండా డ్రోన్లు ఎగరకూడని ఎర్ర మండలం చేయాలంటే ఒకసారికి 96 గంటలకు మించి చేయలేదు. బాణసంచా కర్మాగారం 96 గంటల వ్యవహారం కాదు, తరతరాలుగా అక్కడే ఉంది. మ్యాపును శాశ్వతంగా మార్చే అధికారం మీ చేతిలోనే ఉంది. ఆడి అమావాస్యనాడు లక్షల జనం కాలినడకన వచ్చే చతురగిరి కొండ, 2021లో ఏర్పడిన శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై పులుల అభయారణ్యం కూడా ఇలాంటి చోట్లే. అయితే నా మొదటి విన్నపం ఆ షెడ్ల గురించి.

మ్యాపులో గీత గీస్తే సరిపోదన్న సంగతి కూడా మరవకూడదు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ డ్రోన్లు అమ్మే డీజేఐ సంస్థ 2025 జనవరిలో అమెరికాలో ఎగరనివ్వని హద్దుల్ని తీసేసి, వాటి చోట హెచ్చరికలు మాత్రం మిగిల్చింది. నిర్ణయం పైలట్‌దే అంది. మన 2021 డ్రోన్ నియమాలు కూడా హద్దు దాటనివ్వని జియోఫెన్స్‌ను, ఎప్పటికప్పుడు ఎక్కడుందో చెప్పే బీకన్‌ను, అనుమతి లేకుండా లేవనివ్వని ఏర్పాటును ఆ రోజే తప్పనిసరి చేయలేదు. వాటిని తర్వాత నోటిఫై చేయవచ్చని, చేశాక కనీసం ఆరు నెలల గడువు ఇస్తామని రాసుకున్నాయి. కొత్త పరిశ్రమ ఊపిరి తీసుకోవాలి గనక 2021లో ఆ వెసులుబాటు సరైనదే. అప్పటికీ ఇప్పటికీ మా ఆకాశంలో డ్రోన్లు ఎన్నో రెట్లు పెరిగాయి. కనీసం పిచికారీ డ్రోన్లంత బరువైన వాటికైనా, బాణసంచా షెడ్డు అంచున నిజంగా ఆపేసే హద్దు ఉండాలి. తెర మీద ఎర్ర అక్షరాలు మెరిస్తే మంట ఆగదు.

ఫెయిల్‌సేఫ్ ఉందని కాగితంలో ఉంటే చాలదనడానికి బయటి దేశాల అనుభవం చూడండి. స్విట్జర్లాండ్‌లో ఆసుపత్రుల మధ్య రక్త నమూనాలు మోయడానికి స్విస్ పోస్ట్, మేటర్నెట్ సంస్థ డ్రోన్లను వాడింది. వాటిలో పారాచూట్ ఉంది, ఈల మోగే ఏర్పాటు ఉంది. 2019 జనవరిలో ఒక డ్రోన్ పారాచూట్‌తో జ్యూరిక్ సరస్సులో దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఏర్పాటు పనిచేసిందనుకున్నారు. అదే ఏడాది మే 9న ఇంకో డ్రోన్‌కు ఆపద వచ్చింది. పారాచూట్ తెరుచుకుంది, కానీ దాన్ని డ్రోన్‌కు కట్టిన తాడు పదునైన అంచుకు తగిలి తెగిపోయింది. డ్రోన్ రాయిలా అడవిలో పడింది. అక్కడికి 50 మీటర్ల దూరంలో శిశు తరగతి పిల్లలు ఆడుకుంటున్నారు. ప్రాణం కాపాడాల్సిన ఏర్పాటులో లోపం ఒక్క తాడు. ఆ దేశపు ప్రమాద దర్యాప్తు సంస్థ ఆ తాడు దాకా వెళ్ళి వెతికి, నివేదిక రాసి, అందరూ చదివేలా పెట్టింది. ఆ తర్వాత తాడును గట్టిపరిచారు.

ఇంగ్లండులో గుడ్‌వుడ్ దగ్గర 2019 జూలై 4న జరిగింది ఇంకా భయపెడుతుంది. 95 కిలోల ఒక ప్రదర్శన డ్రోన్ అదుపు తప్పింది. పైలట్ అత్యవసర మీట నొక్కాడు, డ్రోన్ వినలేదు. బ్యాటరీ అయిపోయేదాకా ఎక్కుతూ దాదాపు 8,000 అడుగులకు, విమానాలు తిరిగే ఆకాశంలోకి వెళ్ళి, కింద మనుషులున్న ఇళ్ళకు 40 మీటర్ల దూరంలో పొలంలో కూలింది. దీనిమీద కూడా ఆ దేశపు విమాన ప్రమాద దర్యాప్తు విభాగం నివేదికను బయటపెట్టింది. వత్రాప్‌లో కూర్చున్న నేను ఈ రెండు సంఘటనల కారణాలు ఇంత వివరంగా చెప్పగలుగుతున్నానంటే ఆ నివేదికలు బయట ఉండటం వల్లే.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ ఓడరేవు మీద 2023 జూలై 14న 500 డ్రోన్ల ప్రదర్శన మొదలైన కాసేపటికే 400కు పైగా నీళ్ళలో పడిపోయాయి. పైన గాలి వాటి పరిమితిని దాటింది. అమెరికాలో ఓర్లాండోలో 2024 డిసెంబరు 21న ప్రదర్శన డ్రోన్ జనంలోకి దూసుకొచ్చి ఏడేళ్ళ బాలుడిని తీవ్రంగా గాయపరిచింది. దానికి రెండు నెలల ముందు, 2024 అక్టోబరు 22న విజయవాడ పున్నమి ఘాట్‌లో కృష్ణమ్మ పక్కన 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీసి గిన్నిస్ రికార్డులు సాధించాయి. అమరావతి డ్రోన్ సదస్సులో మీరూ ఉన్నారు. అంతకుముందు నెల బుడమేరు వరదలో నీట చిక్కిన ఇళ్ళకు అన్నం పొట్లాలు, నీళ్ళ సీసాలు చేరవేసినవీ డ్రోన్లే. తెలుగువాళ్ళం గర్వపడే సంగతులవి. అలాంటి ప్రతి కార్యక్రమం వెనక ఎన్ని డ్రోన్లు మధ్యలో దిగిపోయాయి, ఎందుకు దిగాయి, ఫెయిల్‌సేఫ్ ఎన్నిసార్లు పనిచేసింది అన్న పట్టిక కూడా బయటికి వస్తే ఆ గర్వం మరింత పెరుగుతుంది. పక్క ఊళ్ళో రేపు ప్రదర్శన పెట్టేవాళ్ళకు అది పాఠం అవుతుంది.

డ్రోన్ నియమాల ప్రకారం ప్రమాదం జరిగితే 48 గంటల్లో పైలట్ డిజిటల్ స్కై ద్వారా పౌర విమానయాన డైరెక్టరేట్‌కు చెప్పాలి. మంచి నియమం. ఆ చెప్పిన మాట ఆ తర్వాత ఊరికి తిరిగి రావాలి. అహ్మదాబాదులో 2025 జూన్ 12న విమానం కూలినప్పుడు, నెల తిరిగేసరికి దర్యాప్తు సంస్థ ప్రాథమిక నివేదికను దేశం ముందు పెట్టింది. అంత శోకంలో కూడా జనానికి తెలియాలని మీ శాఖ భావించింది. పొలంలో కూలిన డ్రోన్‌కు అంత దర్యాప్తు అక్కర్లేదు. మనిషి పేరు, కంపెనీని ఇబ్బంది పెట్టే మాటలు కూడా అక్కర్లేదు. ఏ రకం డ్రోన్, ఎంత ఎత్తు, ఏ గాలి, ఏ ఫెయిల్‌సేఫ్ మేలుకుంది, అది చేయాల్సింది చేసిందా లేదా అన్న నాలుగు వరుసలు నెలకోసారి ప్రచురిస్తే చాలు. తోపు చాటున సిగ్నల్ పోయిన సంఘటనలు ఉద్దానంలో పది, కోనసీమలో పది, పొల్లాచ్చిలో పది ఒక్కచోట కనబడితే, తిరిగొచ్చే ఎత్తు ఎంత ఉండాలో ఎవరూ వాదించాల్సిన పని ఉండదు. ఇప్పుడు ఎవరి డ్రోన్ పడితే వాళ్ళే తెచ్చుకుని రెక్కలు మార్చుకుని మళ్ళీ ఎగరేస్తున్నారు. ఎందుకు పడిందో తెలియకుండానే మరుసటి రోజు ఇంకొకరి మడి మీదికి వెళ్తోంది.

డ్రోన్ రకానికి ఇచ్చే ధ్రువపత్రం పరీక్ష మైదానంలో జరుగుతుంది. మైదానంలో చెట్లుండవు. కాబట్టి ఆ పరీక్షకు తోడుగా ఇంకో చిన్న కట్టుబాటు పెట్టండి. ట్యాంకు నింపి లేపే ముందు ప్రతిసారీ రిమోట్ తెర మీద మూడు విషయాలు పెద్ద అక్షరాల్లో రావాలి: సిగ్నల్ పోతే ఎంత ఎత్తు, బ్యాటరీ ఎంత మిగిలినప్పుడు వెనక్కి, జీపీఎస్ పోతే ఏం చేస్తుంది. పైలట్ వాటిని చదివి సరేనంటేనే మోటార్లు తిరగాలి. ఆ అక్షరాలు పైలట్ భాషలో ఉండాలి. మా దగ్గర తమిళం, మీ దగ్గర తెలుగు. డ్రోన్ దీదీ పథకం తలపెట్టింది ఊళ్ళో ఉండే ఆడవాళ్ళ కోసం, వాళ్ళ చేతిలో ఇంగ్లీషు హెచ్చరిక పెడితే పెట్టనట్టే.

శిక్షణ గురించి చివరిగా. ఆ పథకంలో ఎంపికైన మహిళకు 15 రోజుల శిక్షణ ఉంది. అందులో ఐదు రోజులు పైలట్ శిక్షణ, పది రోజులు వ్యవసాయ పనికి సంబంధించింది. ఆ 15 రోజుల్లో ఒక రోజును పూర్తిగా ఆపదకే కేటాయించమని కోరుతున్నాను. మందు బదులు నీళ్ళు నింపి, నిజమైన తోపు పక్కన డ్రోన్‌ను లేపి, శిక్షకుడు కావాలనే రిమోట్ ఆపేయాలి. అది ఎంత ఎత్తుకు లేస్తుందో, ఏ దారిన వస్తుందో, పంపు ఆగిందో లేదో ఆమె తన కళ్ళతో చూడాలి. ఇంకోసారి బ్యాటరీని తగ్గనివ్వాలి. ఇంకోసారి జీపీఎస్ తీసేసి, గాలికి ఎటు కొట్టుకుపోతుందో చూసి, చేత్తో దింపించాలి. మొదటిసారి భయపడుతుంది. మూడోసారికి చేతులు వాటంతటవే కదులుతాయి. అలా నేర్చుకున్న మనిషి ఎప్పుడు పిలిచినా నా మడికి రానిస్తాను, ఆ రోజు మా వీధి పిల్లల్ని కూడా గట్టు మీద కూర్చోనిస్తాను.

జూలై మధ్యలో మాకు ఆడి మాసం మొదలవుతుంది. చట్టం మార్చడానికి, నోటిఫికేషన్లకు సమయం పడుతుందని తెలుసు, వాటికోసం ఎదురుచూస్తాం. ఆపద రోజు శిక్షణకు, పంపు ఆపే ఏర్పాటుకు, కొలిచి పెట్టుకునే ఎత్తుకు మాత్రం మీ డైరెక్టరేట్ నుంచి ఒక్క సర్క్యులర్ చాలు. దాన్ని ఆ గాలి మొదలయ్యేలోపు పంపించండి. విరుదునగర్ జిల్లా కలెక్టరు గారికి ఈ లేఖ ప్రతిని బాణసంచా కర్మాగారాల మ్యాపు విన్నపంతో పాటు విడిగా పంపుతున్నాను.

భవదీయుడు,
వత్రాప్ కొబ్బరి రైతు